చూరెక్కడ, గోడెక్కడ, హద్దెక్కడ

పల్లెలో ఇల్లు కొలవమంటే ముందు తేలాల్సింది ఏ గీతను కొలవాలన్నది. పెంకుటింటి చూరు గోడ దాటి రెండడుగులు ముందుకు వస్తుంది. చూరునీళ్లు పడే మేరంతా మాదేనంటారు ఇంటివాళ్లు. గోడ దాకానే మీది, అవతల సందు అందరిదీ అంటారు పక్కవాళ్లు. పైనుంచి తీసిన ఫొటోలో గోడ కనిపించదు, చూరే కనిపిస్తుంది. పల్లె ఇళ్ల హద్దులను త్రీడీ స్కాన్ల సాయంతో కంప్యూటర్ చేతే గీయించాలని అనేక దేశాల్లో సాగుతున్న ప్రయత్నాలకు అసలు చిక్కు ఆ రెండడుగుల దగ్గరే వస్తోంది.

రెండడుగులే కదా అనిపించవచ్చు. పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు ఉన్న ఇంటిని తీసుకుందాం. గోడల లెక్కన 80 చదరపు మీటర్లు. చుట్టూ 60 సెంటీమీటర్ల చూరు ఉంటే కప్పు కొలత 11.2 మీటర్లు, 9.2 మీటర్లు అవుతుంది. అంటే 103 చదరపు మీటర్లు. తేడా 23 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు ఇరవై ఏడున్నర గజాలు. కప్పును చూసి గీస్తే ఇంటి విస్తీర్ణం దాదాపు 29 శాతం పెరుగుతుంది. పక్కింటి చూరూ అలాగే పెరిగితే మధ్యలో ఉన్న మూడడుగుల సందు పటంలోంచి మాయమైపోతుంది. రోజూ మనుషులు నడిచే దారి కాగితం మీద లేకుండా పోతే ఎన్ని తగాదాలు పుడతాయో పల్లెలో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఈ పని ఇప్పుడెందుకు ముందుకొచ్చిందో తెలియాలంటే గ్రామకంఠం సంగతి చూడాలి. బ్రిటిష్ హయాంలో పొలాల మీద గొలుసు పరిచారు. గంటర్ గొలుసు 66 అడుగులు, వంద లంకెలు. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రతి సర్వే నంబరుకూ ఫీల్డ్ మెజర్మెంట్ బుక్ (ఎఫ్ఎంబీ)లో ఒక పటం గీశారు. ఇళ్లున్న జాగాను మాత్రం చాలా ఊళ్లలో ఒకే నంబరు కింద గ్రామకంఠం అని రాసి వదిలేశారు. శిస్తు వచ్చేది పొలం మీద, ఇంటి మీద కాదు. 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కూడా సొంత ఇళ్ల స్థలాలనూ, పెరళ్లనూ ప్రభుత్వ భూమి లెక్కలోంచి తప్పించింది. కాబట్టి ఇల్లు తాతల నాటిదే, అనుభవం ఎవరూ కాదనరు, చేతిలో మాత్రం కాగితం ఉండదు. నిజాం ఇలాకాలో ఆబాదీ అన్నా, హరియాణాలో లాల్ డోరా అన్నా కథ ఇంచుమించు ఇంతే.

ఆ ఖాళీని పూడ్చడానికే కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం తెచ్చింది. సాంకేతిక బాధ్యత 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియాది. ఆ ఏడాది అక్టోబర్ 11న ఆరు రాష్ట్రాల్లోని 763 గ్రామాల్లో సుమారు లక్ష మందికి ఆస్తి కార్డులిచ్చారు. ఉత్తరప్రదేశ్‌లో దాన్ని ఘరౌనీ అంటారు, మహారాష్ట్రలో సనద్. 2025 జనవరి 18న ఒక్కరోజే 65 లక్షల కార్డులు పంచారు. అప్పటికి 3.17 లక్షలకు పైగా గ్రామాల మీద డ్రోన్లు తిరిగాయి. తెలంగాణ ప్రయోగ దశలో మాత్రమే పాల్గొంది. ఆంధ్రప్రదేశ్ స్వామిత్వలో చేరింది. 2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైన సమగ్ర రీసర్వేలోనూ డ్రోన్లు, రోవర్లు, ఉపగ్రహ సంకేతాలను సరిచేసే కార్స్ కేంద్రాలు వాడారు. ఎఫ్ఎంబీల బదులు ల్యాండ్ పార్సిల్ మ్యాపులు వచ్చాయి. వాటి వెనకే విస్తీర్ణం తగ్గిందని, ఉమ్మడి ఎల్పీ నంబర్లు పడ్డాయని ఫిర్యాదులూ వచ్చాయి. పరికరం ఎంత కొత్తదైనా పక్క రైతును పిలవకుండా గీత గీస్తే తగవు పాతదే వస్తుందని పొలాల్లోనే తేలిపోయింది. ఇళ్ల దగ్గర ఆ చిక్కు ఇంకా ఎక్కువ.

స్వామిత్వలో ఒక పద్ధతి నాకు తెలివైనదిగా తోస్తుంది. డ్రోన్ రాకముందే పంచాయతీ, రెవెన్యూ సిబ్బంది ఇంటివాళ్లను వెంటబెట్టుకుని హద్దుల వెంట సున్నంతో గీతలు వేయిస్తారు. తర్వాత డ్రోన్ సుమారు 120 మీటర్ల ఎత్తున ఎగురుతూ ఫొటోలు తీస్తుంది. ఒక్కో చుక్క నేల మీద 5 సెంటీమీటర్లకు సమానం. ఆఫీసులో కంప్యూటర్ తెర మీద సున్నం గీతల వెంట పటం గీసి, 1:500 స్కేలులో ఊరికి పంపి అభ్యంతరాలు అడుగుతారు. హద్దును తేల్చింది మనుషులు, కెమెరా చేసింది దాన్ని నమోదు చేయడమే. లోపం ఎక్కడంటే, చూరు కింద గోడ పక్కన వేసిన సున్నం గీత డ్రోన్‌కు కనబడదు. చింతచెట్టు కింద వేసిందీ కనబడదు. అలాంటి చోట్ల మళ్లీ టేపు పట్టుకుని నేల మీద తిరగాల్సిందే. నిట్టనిలువుగా కిందికి చూసే కెమెరాకు ఉన్న హద్దు అది. త్రీడీ అవసరం అక్కడ మొదలవుతుంది.

ఈ చూరు బాధను మనకంటే ముందు పెద్ద ఎత్తున ఎదుర్కొన్నది చైనా. అక్కడి పల్లెల్లో ఇంటినీ, ఇంటి స్థలాన్నీ కలిపి రిజిస్టర్ చేసే పనిని ప్రభుత్వం 2020 చివరికల్లా ముగించాలని పెట్టుకుంది. 2012 నాటి వారి ప్రమాణం ప్రకారం హద్దు బిందువు తొలి తరగతిదైతే కొలతలో మధ్యమ దోషం 5 సెంటీమీటర్లు, రెండో తరగతికి 7.5, మూడో తరగతికి 10. నిలువు ఫొటోతో గీస్తే ప్రతి ఇంటికీ మనిషి వెళ్లి చూరు పొడవు కొలిచి తీసివేయాలి. అందుకని ఐదు కెమెరాల డ్రోన్లు పట్టుకున్నారు. ఒకటి కిందికి, నాలుగు నాలుగు దిక్కులకు వాలుగా చూస్తాయి. వందల ఫొటోలను కలిపితే ఊరంతా త్రీడీ నమూనాగా తెర మీదికి వస్తుంది. ఆపరేటర్ దాన్ని అటూ ఇటూ తిప్పి, చూరు కిందికి దూరి, నేరుగా గోడ మీదే క్లిక్ చేస్తాడు. గోడ మూల కనబడకపోయినా ఫర్వాలేదు. రెండు గోడల తలాల మీద రెండేసి చుక్కలు పెడితే అవి కలిసే చోటు లెక్కలో వస్తుంది. చైనాలో త్రీడీ సర్వే పేరుతో జరిగిన పనిలో చాలా భాగం ఇలా మనిషి చేత్తో చేసిందే. ఆ క్లిక్‌ను కూడా యంత్రానికి అప్పగించగలమా అన్నది తర్వాతి అంకం.

యంత్రానికి అందే ముడిసరుకు పాయింట్ క్లౌడ్. గాల్లో తేలే కోట్ల బిందువులు, ప్రతిదానికీ మూడు కొలతలు. అది రెండు దారుల్లో వస్తుంది. ఫొటోలను ఒకదానితో ఒకటి సరిపోల్చి తీసేది ఒకటి, లేజర్ కిరణం వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని బట్టి కొలిచే లైడార్ ఇంకోటి. ఫొటోల పద్ధతి చవక. అయితే తెల్లసున్నం కొట్టిన గోడ మీద పోల్చుకోడానికి గుర్తులు దొరకవు, నమూనా అక్కడ కరిగిపోయినట్టు వస్తుంది. లైడార్‌కు ఆ బాధ లేదు, పైగా ఆకుల సందుల్లోంచి కూడా కొన్ని కిరణాలు నేలను తాకుతాయి. ఇబ్బందల్లా పైనుంచి చూసే లైడార్‌కు కప్పు నిండా బిందువులు, గోడ మీద చిటికెడు పడటం. బిందువుల చిక్కదనం కూడా ముఖ్యం. చదరపు మీటరుకు పది బిందువులుంటే వాటి మధ్య ఎడం ముప్పై సెంటీమీటర్లు దాటుతుంది. ఐదు సెంటీమీటర్ల ఎడం కావాలంటే నాలుగు వందల బిందువులు పడాలి.

సందుల్లోకి చేత్తో పట్టుకుని నడిచే స్కానర్లు ఇంకో ఉపాయం. నడుస్తూ ఉండగానే తన స్థానాన్ని తనే అంచనా వేసుకునే ఈ పరికరాలు చూరు కింద గోడను బ్రహ్మాండంగా పట్టేస్తాయి. కాకపోతే నడిచేకొద్దీ చిన్న చిన్న దోషాలు పేరుకుపోతాయి. మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చి ముడి వేస్తే గానీ, ఊళ్లో కొన్ని బిందువులను రోవర్‌తో కచ్చితంగా కొలిచి తగిలిస్తే గానీ కొలతలు కుదురుకోవు. నా మటుకు పల్లెకు సరైనది జోడు పద్ధతే: పైనుంచి డ్రోన్, ఇరుకు సందుల్లో మాత్రం నడిచే స్కానర్. ఏదో ఒక్కదానితో ఊరంతా తేల్చేస్తామన్నవాళ్లు మన ఊళ్ల సందులు చూడనట్టే లెక్క.

బిందువుల గుట్టలోంచి గీతను బయటికి తీసే పనిలో మొదటి మెట్టు నేలను వేరు చేయడం. 2016లో వచ్చిన క్లాత్ సిమ్యులేషన్ పద్ధతి ముచ్చటగా ఉంటుంది. బిందువుల నేలను తలకిందులు చేసి పైనుంచి ఒక ఊహాబట్టను జారవిడుస్తుంది, బట్ట ఆనిన చోటల్లా నేల అని తీర్మానిస్తుంది. తర్వాత నిలువు తలాల వేట. 1981లో ఫిష్లర్, బోల్స్ చెప్పిన రాన్సాక్ ఇప్పటికీ ఈ పనికి పెద్దదిక్కు. ఏవో కొన్ని బిందువులు తీసుకుని తలం ఊహించడం, ఎన్ని బిందువులు ఒప్పుకుంటున్నాయో లెక్కపెట్టడం, ఎక్కువమంది ఒప్పుకున్నదాన్ని ఉంచుకోవడం. గోడ బిందువులన్నీ నేల మీదికి దించితే ఒకే గీత మీద గుంపుగా పడతాయి, చూరు బిందువులు పలచగా పరుచుకుంటాయి. ఆ తేడాను బట్టే గోడ దొరుకుతుంది.

ఇంకా తేలికైన ఉపాయం ఒకటుంది. నేలకు మీటరు, మీటరున్నర ఎత్తుల మధ్య పాయింట్ క్లౌడ్‌ను అడ్డంగా ఒక పొర కోస్తే చాలు. చూరు పైన ఉండిపోతుంది, గోడలు మాత్రం ప్లాను గీసినట్టు కనిపిస్తాయి. చదువుకునేటప్పుడు ఎంత హాయిగా ఉంటుందో, పల్లెలో అంత అల్లరి పెడుతుంది. ఆ ఎత్తున గోడలే కాదు, గడ్డివామి ఉంటుంది, ఎడ్లబండి ఉంటుంది, కుప్పేసిన కట్టెల మోపు ఉంటుంది, దండెం మీద ఆరేసిన దుప్పటి అచ్చం గోడలా నిలబడుతుంది. తాటాకింటి చూరైతే ఒక్కోచోట నడుము ఎత్తు దాకా వాలి ఉంటుంది. అక్కడ పొర ఎక్కడ కోసినా చేతికొచ్చేది ఆకే. వసారా స్తంభాలు చుక్కలుగా వస్తాయి. వాటిని కలిపి గీత గీయాలా, వదిలేసి లోపలి గోడను పట్టుకోవాలా? వసారా ఇంటిలో భాగమా కాదా అన్నది ఆ ఊరి రివాజు చెప్పాలి, బిందువులు చెప్పవు.

దొరికిన ముక్కల గీతలను చక్కదిద్దే మెట్టు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. బిందువుల్లోంచి వచ్చిన గీత వంకరటింకరగా ఉంటుంది కాబట్టి చాలా పద్ధతులు దాన్ని సరళం చేసి, మూలలను తొంభై డిగ్రీలకు సర్దేస్తాయి. పట్నం కాంక్రీటు ఇళ్లకు అది చెల్లుతుంది. పల్లెలో అన్నదమ్ములు పంచుకున్న ఇల్లు, దారి మలుపును బట్టి మలిచిన గోడ, ఏటా మెత్తి మెత్తి ఉబ్బిన మట్టిగోడ, వీటిలో ఏదీ మూలమట్టానికి లొంగదు. ఉత్తరాంధ్ర తీరంలోని గుండ్రటి చుట్టిళ్లనైతే ఇలాంటి ప్రోగ్రాము ఏకంగా చతురస్రం చేసి పెడుతుంది. పటం అందంగా వస్తుంది, అందం కోసం జరిపిన గీత పక్కవాడి జాగాలో పడుతుంది. సరళం చేసినప్పుడు గీత ఎంత జరిగిందో ప్రతి మూల దగ్గరా అంకెగా చూపించాలన్న కనీస నియమం పెట్టకపోతే ఈ మెట్టును అసలు వాడకపోవడమే మేలు.

2017లో పాయింట్‌నెట్ వచ్చాక దారి మారింది. నియమాలు మనం చెప్పే బదులు ఉదాహరణలు చూపించి నేర్పడం మొదలైంది. ఇది కప్పు, ఇది గోడ, ఇది చెట్టు అని పేరు పెట్టిన బిందువులను కోట్ల సంఖ్యలో చూపిస్తే నెట్‌వర్క్ తనే పోల్చుకుంటుంది. దండెం మీది దుప్పటిని గోడ అనుకునే పొరపాటును తగ్గించగలిగేది ఈ పద్ధతే. కానీ అది చూసి నేర్చుకునే ఊళ్లు ఏవి? బాగా వాడుకలో ఉన్న సెన్సాట్‌అర్బన్ సమాచారం ఇంగ్లండ్ నగరాలది. జర్మనీలో నెకార్ నది ఒడ్డున ఉన్న హెస్సిగ్‌హైమ్ అనే పల్లెను చదరపు మీటరుకు సుమారు 800 బిందువుల చిక్కదనంతో స్కాన్ చేసి 2021లో పరిశోధకులకు విడుదల చేశారు. మేలిమి సమాచారం, పైగా పల్లెదే. అయినా అక్కడ తాటాకు లేదు, రేకుల షెడ్డు మీద ఆరబెట్టిన మిరపకాయలు లేవు, ప్రహరీకి ఆనించి కట్టిన గొడ్లపాక లేదు. కోనసీమ కొబ్బరితోటల్లో ఒక ఊరు, రాయలసీమలో మట్టి మిద్దెల ఊరు ఒకటి, తెలంగాణలో బండలు పరిచిన ఊరు ఒకటి తీసుకుని, బిందువు బిందువుకూ పేరు పెట్టి అందరికీ అందుబాటులో ఉంచితే, కొత్త నెట్‌వర్కులు పది కనిపెట్టడం కంటే ఎక్కువ మేలు జరుగుతుంది. చాకిరీ ఎక్కువ, పేరు తక్కువ వచ్చే పని కావడం దానికి శాపం.

ఫలితాలను కొలిచే తీరులోనూ మోసం దాగుంది. యంత్రం గీసిన బొమ్మా అసలు బొమ్మా ఎంత మేర కలిశాయో చెప్పే నిష్పత్తిని పరిశోధనల్లో విరివిగా వాడతారు. పైన చెప్పిన ఇంటికే నాలుగు వైపులా గీత పది సెంటీమీటర్లు బయటికి జరిగిందనుకుందాం. యంత్రం లెక్కన 83.64 చదరపు మీటర్లు. కలిసిన నిష్పత్తి 95 శాతం దాటుతుంది. వ్యాసంలో ఆ అంకె మెరిసిపోతుంది. గోడగోడకూ పది సెంటీమీటర్ల తప్పంటే చైనా తొలి తరగతి ప్రమాణానికి రెండింతలు, గజాల్లో నాలుగుకు పైనే. కాబట్టి ఇలాంటి వ్యాసం చేతికొస్తే ముందు చూడాల్సింది శాతం కాదు. ప్రతి మూల దగ్గరా ఎన్ని సెంటీమీటర్ల తేడా వచ్చింది, అన్నిటికంటే పెద్ద తప్పు ఎంత, అది ఎలాంటి ఇంటి దగ్గర వచ్చింది? సగటు బాగుందని కార్డు పంచలేం. తప్పు పడిన ఇంటివాడికి సగటుతో పనేముంది?

నెదర్లాండ్స్‌లో దేశమంతటా కోటి భవనాల త్రీడీ నమూనాలను కంప్యూటరే తయారు చేసింది కదా, మనకేం అంటారు కొందరు. డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆ 3డీబ్యాగ్ నిజంగానే గొప్ప పని. అయితే అక్కడ ప్రతి భవనం చుట్టుగీత ప్రభుత్వ రిజిస్టర్‌లో ముందే ఉంది. యంత్రం చేసింది ఆ గీత మీద, దేశవ్యాప్త లైడార్ సమాచారం నుంచి ఎత్తూ కప్పూ నిలబెట్టడం. మనకు లేనిదే ఆ గీత. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ ఉపగ్రహ చిత్రాల నుంచి 180 కోట్ల భవనాల ఆకారాలు పోల్చింది. జనాభా అంచనాకూ, వరదల్లో సాయానికీ అది పనికొస్తుంది. హద్దు తగవు తీర్చడానికి కాదు, దాన్ని తయారు చేసినవాళ్ల ఉద్దేశమూ అది కాదు.

గోడ కచ్చితంగా దొరికిందనే అనుకుందాం. ఆ గోడ ఎవరిది? చైనా ఇళ్ల కొలత నియమాల్లో ప్రతి గోడకూ ఎదురుగా సొంత గోడ, ఉమ్మడి గోడ, అరువు గోడ అని మూడింట్లో ఒకటి రాయాలి. అరువు గోడంటే పక్కవాడి గోడకు ఆనించి మన దూలాలు వేసుకోవడం. మన ఊళ్లలోనూ ఇదేమీ కొత్త కాదు. అడుగున్నర మందం మట్టిగోడ ఉమ్మడిదైతే హద్దు నడిమధ్యన, ఒకరి సొంతమైతే అవతలి ముఖం మీద. తేడా ముప్పావు అడుగు దాకా వస్తుంది. బయటినుంచి చేసిన స్కాన్‌కు గోడ మందమే తెలియదు. లోపలా బయటా స్కాన్ చేస్తే మందం వస్తుంది, సొంతదారు పేరు రాదు. చూరునీళ్ల సంగతీ అంతే. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం కింద ఇరవై ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా అనుభవించినదాన్ని హక్కుగా అడగవచ్చు. పక్కవాడి నేల మీద నా చూరునీళ్లు పడే హక్కు నాకుండవచ్చు, నేల మాత్రం అతనిదే. ఒకే గీతతో ఈ రెండూ చూపలేం. గోడ గీత వేరు, చూరు గీత వేరు, రెండూ పటంలో ఉండాలి. త్రీడీ స్కాన్ రెండింటినీ ఒకేసారి ఇవ్వగలదు. దాని అసలు ప్రయోజనం నా దృష్టిలో ఇదే, వాడకంలో మాత్రం రెండోదాన్ని చెత్తగా తీసి పారేస్తున్నారు.

అసలు ఇంత కచ్చితత్వం దేనికన్న వాదమూ బలమైనదే. సర్వేయర్ల అంతర్జాతీయ సమాఖ్య, ప్రపంచ బ్యాంకు కలిసి 2014లో అవసరానికి తగినంత కొలత చాలన్న మాటను ముందుకు తెచ్చాయి. రువాండాలో 2009 నుంచి కొన్నేళ్లలోనే కోటికి పైగా కమతాలను ఆకాశ చిత్రాల ప్రింట్ల మీద, ఊరివాళ్ల ముందే పెన్నుతో గీసి నమోదు చేశారు. చైనా కూడా 2020 ఆదేశంలో ప్రతి చోటా గుడ్డిగా అత్యధిక కచ్చితత్వం వెంట పడవద్దని తన అధికారులకే చెప్పుకుంది. పొలాలకూ, విడివిడిగా ఉన్న ఇళ్లకూ ఈ వాదం ఒప్పుకుంటాను. గోడకు గోడ ఆనుకున్న గ్రామకంఠంలో అరడుగు కూడా తగాదాకు చాలు. కనుక ఊరంతటికీ ఒకే ప్రమాణం పెట్టడం దుబారా. పెరటి కంచెకు పాతిక సెంటీమీటర్లు చాలు, ఉమ్మడి గోడకు ఐదు కావాలి.

యంత్రం నుంచి కోరదగ్గదీ అదే. ఎక్కడ తనకు నమ్మకం లేదో చెప్పగలగాలి. గోడ మీద ఎన్ని బిందువులు పడ్డాయి, తలం ఎంత చక్కగా కుదిరింది, ఎంత భాగం ఊహించి పూడ్చింది, ఇవన్నీ దాని లెక్కల్లోనే ఉంటాయి. చివర్లో శుభ్రమైన గీత గీసి వాటిని పారేస్తోంది. బదులుగా నమ్మకమున్న గీత నిండుగా, అనుమానమున్నది చుక్కలుగా గీసి ఇస్తే గ్రామ సర్వేయర్ ఊరంతా తిరగక్కర్లేదు. చుక్కల గీతలున్న ఇళ్ల దగ్గరికే టేపు పట్టుకుని వెళతాడు. సంప్రదాయ కొలతతో పోలిస్తే మిగిలే సమయం నిజంగా అక్కడే ఉంది.

మన చట్టం కూడా ఈ విడివిడితనానికి చోటిస్తుంది. 1923 నాటి సర్వే, హద్దుల చట్టం వివాదం లేని హద్దునూ, వివాదమున్న హద్దునూ వేర్వేరు సెక్షన్లలో పెట్టింది. నోటీసు, విచారణ, అప్పీలు ఉన్నాయి. సర్వే ముగిసిందన్న ప్రకటన వచ్చాక కూడా నష్టపోయినవాళ్లు మూడేళ్లలోగా సివిల్ కోర్టుకెక్కవచ్చు. ఆ మూడేళ్లలో కోర్టు ముందు పెట్టడానికి ఏం మిగిలి ఉంటుందన్నది ఇప్పటికైనా తేల్చుకోవాలి. ఈ రోజు ఇంటివాడి చేతికొచ్చేది పటం, కార్డు. దాని వెనకున్న పాయింట్ క్లౌడ్ ఎక్కడో సర్వర్లో ఉంటుంది. స్కాన్ చేసిన నాటికి గోడ ఎక్కడుంది, చూరు ఎంత ముందుకుంది, సందు ఎంత వెడల్పుంది అన్నదానికి అంతకు మించిన సాక్ష్యం ఉండదు. అదే స్కాన్‌లో ఇంటి ఎత్తు, మేడలెన్ని అన్నదీ ఉంటుంది. పంచాయతీ ఇంటిపన్ను నిర్ణయం స్వామిత్వ ప్రకటిత లక్ష్యాల్లో ఒకటి కాబట్టి, పన్ను కోసం ప్రభుత్వం దాన్ని తెరిచి చూడగలదు. తన గోడ కోసం ఇంటివాడు కూడా మండల ఆఫీసులో దరఖాస్తు పెట్టి అదే స్కాన్‌ను తెర మీద తిప్పి చూసుకునే వీలు, నకలు తీసుకునే హక్కు నిబంధనల్లో రాసి పెట్టాలి.